పేరెంట్, చైల్డ్ క్లాసుల మధ్య కాస్టింగ్: ఎక్కడ ఏ దారి మేలు?

కోడ్ రివ్యూలో డౌన్‌కాస్ట్ (పేరెంట్ రకంగా ఉన్న ఆబ్జెక్టుని చైల్డ్ రకంగా చూడటం) కనబడితే చాలు, కొందరు "ఇది బ్యాడ్ డిజైన్" అని కామెంట్ పెట్టి వెళ్లిపోతారు. రాసిన మనిషి దాని చుట్టూ, ఆబ్జెక్ట్ ఫలానా రకమేనా అని అడిగే ఒక ఇన్‌స్టాన్స్‌ఆఫ్ చెక్ తగిలించి "ఇప్పుడు సేఫ్ కదా" అంటారు. ఈ వాదనలో అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. చేతిలో పేరెంట్ రిఫరెన్స్ ఉండగా చైల్డ్ రకం తెలియాల్సిన అవసరం ఎందుకొచ్చింది? ఆ ఆబ్జెక్టే చేయాల్సిన పనిని మనం బయట కూర్చుని చేస్తున్నామా? ఫ్రేమ్‌వర్క్ మన ఆబ్జెక్టుని పేరెంట్ రకంగా అప్పజెప్పిందా? లిస్టులో వేసేటప్పుడే రకం పోగొట్టుకున్నామా? కారణాన్ని బట్టి ఎంచుకోవాల్సిన దారి మారిపోతుంది. కాస్ట్ చేయాలా వద్దా అని ముందే తేల్చుకుని కూర్చుంటే లాభం లేదు.

ఉదాహరణకి యానిమల్, డాగ్ వద్దు. ఆ ఉదాహరణతో అమీర్‌పేట నుంచి అమెరికా దాకా ఎంతోమంది ఇంటర్వ్యూలు గట్టెక్కారు గానీ, ఉద్యోగంలో చేరాక కుక్క చేత మొరిగించే పని ఎవరికీ పడలేదు. ఒక ఆన్‌లైన్ షాపింగ్ సైట్ తీసుకుందాం. పేమెంట్ అనేది పేరెంట్ క్లాసు. దాని కింద కార్డ్‌పేమెంట్, నెట్‌బ్యాంకింగ్‌పేమెంట్, క్యాష్‌ఆన్‌డెలివరీ అని మూడు చైల్డ్ క్లాసులు. మొత్తం, ఆర్డర్ నంబరు, తేదీ అన్నింటికీ ఉమ్మడి. కార్డుకి చివరి నాలుగు అంకెలు, నెట్‌బ్యాంకింగ్‌కి బ్యాంకు కోడు, ఇలా ఎవరి సొంత ఫీల్డులు వాళ్లకున్నాయి. మొదట జావా సంగతి చూసి, తర్వాత మిగతా భాషల్లో ఏం తేడా ఉందో చెప్తాను.

కాస్ట్ నిజంగా చేసే పని

కాస్ట్ చేస్తే ఆబ్జెక్ట్ మారదు. దీన్ని అందరూ తలూపి ఒప్పుకుంటారు, తర్వాత కోడ్‌లో మర్చిపోతారు. ఒకే మనిషిని ఇంట్లో నాన్న అని, ఆఫీసులో మేనేజర్ గారు అని పిలిచినంత మాత్రాన మనిషి రెండు కాడు. ఏ పేరుతో పిలుస్తున్నామో దాన్ని బట్టి ఏ పనులు అడగొచ్చన్నదే మారుతుంది. డెసిమల్ సంఖ్యని ఇంటిజర్‌గా కాస్ట్ చేస్తే విలువే మారి పాయింటు తర్వాత అంకెలు పోతాయి కాబట్టి, క్లాసుల దగ్గర కూడా అలాంటిదేదో జరుగుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. జరగదు. పైకి కాస్ట్ చేసినప్పుడు రన్‌టైమ్‌లో చేయడానికి పనేమీ లేదు. కిందికి కాస్ట్ చేసినప్పుడు జేవీఎం (జావా ప్రోగ్రాముల్ని నడిపే యంత్రం) చెక్‌కాస్ట్ అనే ఒక బైట్‌కోడ్ ఇన్‌స్ట్రక్షన్‌తో "ఇది నిజంగా ఆ రకమేనా" అని చూస్తుంది, కాకపోతే క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ విసురుతుంది. అంతే.

దీన్నించి వచ్చే చిక్కుప్రశ్న ఇంటర్వ్యూల్లో చాలా పాతది. పేరెంట్‌లోనూ చైల్డ్‌లోనూ నేమ్ అనే ఫీల్డు ఉంది, షో అనే మెథడ్ ఉంది. పేరెంట్ రకం వేరియబుల్‌లో చైల్డ్ ఆబ్జెక్ట్ పెట్టారు. షో పిలిస్తే చైల్డ్‌ది నడుస్తుంది. నేమ్ అడిగితే పేరెంట్‌ది వస్తుంది. స్టాటిక్ మెథడ్ అయితే అదీ పేరెంట్‌దే. అంటే ఓవర్‌రైడ్ అయిన (పేరెంట్‌లో ఉన్నదాన్నే చైల్డ్ తన పద్ధతిలో మళ్లీ రాసిన) మెథడ్‌ని ఆబ్జెక్ట్ నిర్ణయిస్తుంది, ఫీల్డునీ స్టాటిక్ మెథడ్‌నీ మీరు రాసిన రిఫరెన్స్ రకం నిర్ణయిస్తుంది. "పేరెంట్‌కి కాస్ట్ చేసి పిలిస్తే పేరెంట్ మెథడ్ నడుస్తుంది" అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. చైల్డ్ క్లాసు లోపల సూపర్ అని పిలవడం తప్ప, బయటి నుంచి పేరెంట్ వెర్షన్‌ని పిలిచే దారి జావాలో లేదు.

ఓవర్‌లోడింగ్ (ఒకే పేరుతో, వేర్వేరు పారామీటర్లతో మెథడ్లు రాయడం) సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రీఫండ్ సర్వీసులో కార్డుకి ఒక రీఫండ్ మెథడ్, నెట్‌బ్యాంకింగ్‌కి ఇంకో రీఫండ్ మెథడ్, ఏదీ కాకపోతే పేమెంట్‌కి ఒకటి అని మూడు రాసి, పేమెంట్ రకం వేరియబుల్‌తో పిలిస్తే లోపల ఏ ఆబ్జెక్ట్ ఉన్నా పేమెంట్ వెర్షనే నడుస్తుంది. ఏ ఓవర్‌లోడ్ పిలవాలో కంపైలర్ ముందే తేల్చేస్తుంది కదా, రన్‌టైమ్‌లో ఏముందో దానికి అక్కర్లేదు. ఇది తెలియక రాసిన కోడ్‌ని సరిచేయడానికి చాలామంది డౌన్‌కాస్ట్‌ల దండ వేస్తారు.

పైకి వెళ్లేటప్పుడు

ఇక్కడ పెద్దగా ఆలోచించాల్సింది లేదు. అప్‌కాస్ట్, అంటే చైల్డ్‌ని పేరెంట్ రకంగా చూడటం, దానంతటదే జరుగుతుంది, ఎప్పుడూ సేఫ్. మెథడ్ పారామీటర్‌గా వీలైనంత పై రకాన్నే తీసుకోండి. ఆ మెథడ్‌కి మొత్తం, తేదీ చాలనుకుంటే పేమెంట్ తీసుకోవడమే సరి. లోకల్ వేరియబుల్ దగ్గర మాత్రం అతిగా పోవద్దు. నాలుగు లైన్ల తర్వాత చైల్డ్ మెథడ్ కావాలని తెలిసి కూడా వేరియబుల్‌ని పేరెంట్ రకంగా డిక్లేర్ చేసి, మళ్లీ కిందికి కాస్ట్ చేసుకునేవాళ్లున్నారు. "ప్రోగ్రామ్ టు ఇంటర్‌ఫేస్" అన్న సూత్రాన్ని మంత్రంలా జపించడం వల్ల వచ్చే తిప్పలు ఇవి. మీరే సృష్టించిన ఆబ్జెక్ట్ మీ మెథడ్‌లోనే ఉన్నంతసేపు దాని అసలు రకంతో పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

అప్‌కాస్ట్‌ని కావాలని పైకి రాయాల్సిన సందర్భం ఒకటుంది, అది కూడా ఓవర్‌లోడింగ్ వల్లే. ఇంటిజర్ల లిస్టులోంచి 5 అనే విలువని తీసేయాలని రిమూవ్‌కి 5 ఇస్తే, లిస్టు దాన్ని స్థానం అనుకుని ఆరో ఎలిమెంట్‌ని తీసేస్తుంది. విలువనే తీసేయమని చెప్పాలంటే దాన్ని ఆబ్జెక్ట్ రకానికి కాస్ట్ చేసి ఇవ్వాలి, లేదా ఇంటిజర్ క్లాసులోని వేల్యూఆఫ్ వాడాలి. నా ఓటు రెండోదానికి. ఆర్నెల్ల తర్వాత చదివేవాళ్లు ఆ కాస్ట్‌ని అనవసరం అనుకుని తీసేసే ప్రమాదం ఉంది.

కిందికి దిగాల్సి వస్తే

రీఫండ్ రాయాలి. ప్రతి పేమెంట్‌కీ రీఫండ్ పద్ధతి వేరు. ఎక్కువమంది మొదట రాసేది ఇలా ఉంటుంది: కార్డ్‌పేమెంట్ అయితే కార్డుకి తిరిగి పంపు, లేకపోతే, నెట్‌బ్యాంకింగ్‌పేమెంట్ అయితే బ్యాంకుకి పంపు, అదీ కాకపోతే క్యాష్ అనుకుని కస్టమర్ ఖాతా వివరాలు అడుగు.

కోడ్ నడుస్తుంది, టెస్టులన్నీ పాసవుతాయి. ఇప్పుడు 2016 తర్వాతి పరిస్థితి ఊహించుకోండి. ఎన్‌పీసీఐ యూపీఐ తెచ్చింది, సైట్‌లో యూపీఐపేమెంట్ అని కొత్త చైల్డ్ క్లాసు చేరింది. చెల్లింపు తీసుకునే వైపు అంతా బాగుంది. రీఫండ్ దగ్గర మాత్రం యూపీఐ ఆ రెండు చెక్‌లనీ దాటుకుని చివరి ఎల్స్‌లో పడింది. యూపీఐలో కట్టిన మనిషికి "మీ బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు పంపండి" అని మెయిల్ వెళ్తుంది. ఎక్సెప్షన్ లేదు, లాగ్‌లో ఎర్ర గీత లేదు, కంపైలర్ వార్నింగ్ అసలే లేదు. క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ వచ్చుంటే ఆ రోజే దొరికిపోయేది. ఇన్‌స్టాన్స్‌ఆఫ్ చెక్ పెడితే సేఫ్ అనే మాటలో లోపం ఇదే. క్రాష్ ఆగింది, తప్పు ఆగలేదు.

అలాంటి గొలుసులో ఇంకో పొరపాటు వరస వల్ల వస్తుంది. కార్డ్‌పేమెంట్ కింద ఈఎంఐకార్డ్‌పేమెంట్ అని ఒక మనవడు క్లాసు ఉందనుకోండి. కార్డ్‌పేమెంట్ చెక్ ముందు రాస్తే ఈఎంఐ చెక్ దాకా ఎప్పటికీ రాదు. ఇఫ్ గొలుసులో దీని గురించి కంపైలర్ నోరు మెదపదు.

ఈ పనికి మూడు ప్రత్యామ్నాయాలున్నాయి. ఎప్పటినుంచో చెప్తున్నది ఓవర్‌రైడింగ్: పేమెంట్‌లో రీఫండ్ అనే ఆబ్‌స్ట్రాక్ట్ మెథడ్ పెట్టి, ప్రతి చైల్డ్‌లో దాని పద్ధతి దానికి రాయడం. కాస్ట్ మాటే ఉండదు. యూపీఐపేమెంట్ రాసినవాళ్లు రీఫండ్ రాయకపోతే కంపైల్ కాదు.

రెండోది సామర్థ్యాన్ని బట్టి ఇంటర్‌ఫేస్ పెట్టడం. అన్ని పేమెంట్లకీ రీఫండ్ ఉండకపోవచ్చు, గిఫ్ట్ కార్డుకి ఉండదనుకుందాం. అప్పుడు రీఫండబుల్ అనే ఇంటర్‌ఫేస్ పెట్టి, రీఫండ్ చేయగలిగిన క్లాసులకే అది ఇచ్చి, వాడేచోట "ఇది రీఫండబులా" అని అడగాలి. ఇదీ ఇన్‌స్టాన్స్‌ఆఫే, కానీ "నువ్వెవరివి" అని కాక "నువ్విది చేయగలవా" అని అడుగుతున్నాం. కొత్త క్లాసు వచ్చినా చెక్ చేసేచోట ముట్టుకోనక్కర్లేదు. డౌన్‌కాస్ట్ తప్పదనిపించిన చాలాచోట్ల నేను మొదట సూచించేది ఇదే, ఎందుకో దీన్ని వాడేవాళ్లు తక్కువ.

మూడోది సీల్డ్ క్లాసులు, స్విచ్. దీనికి కొంచెం నేపథ్యం కావాలి.

రకాలు పెరుగుతాయా, పనులు పెరుగుతాయా?

ఓవర్‌రైడింగ్ గొప్పదే గానీ, దానికీ ఖర్చుంది. రేపు ఇన్‌వాయిస్ ప్రింట్ చేయాలంటారు, ఎల్లుండి జీఎస్టీ రిపోర్టు, తర్వాత ఫ్రాడ్ స్కోరు, ఆపైన కస్టమర్ కేర్ స్క్రీన్‌కి ఐకాన్. ప్రతిదాన్నీ పేమెంట్‌లో మెథడ్‌గా పెడుతూ పోతే, డబ్బు సంగతి చూడాల్సిన క్లాసులో పీడీఎఫ్ లైబ్రరీ ఇంపోర్టులు చేరతాయి. పేమెంట్ క్లాసులు వేరే టీమ్ చేతిలో ఉంటే మెథడ్ చేర్చమని వాళ్ల చుట్టూ తిరగాలి, లైబ్రరీ జార్‌లో ఉంటే ఆ అవకాశమే లేదు.

కాబట్టి ముందు అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ కుటుంబంలో తరచుగా చేరేవి కొత్త రకాలా, కొత్త పనులా? రకాలు ఎడాపెడా పెరుగుతూ, పనులు నాలుగే అయితే ఓవర్‌రైడింగ్. రకాలు ఇంతేనని ఖాయంగా తెలిసి, వాటి మీద చేసే పనులు పెరుగుతూ ఉంటే పనిని బయటే రాసి రకాన్ని బట్టి విడగొట్టడం మేలు. ఈ రెండో అవసరం కోసమే ఒకప్పుడు విజిటర్ ప్యాటర్న్ వాడేవారు. ప్రతి క్లాసులో ఒక యాక్సెప్ట్ మెథడ్, బయట ప్రతి పనికీ ఒక విజిటర్. కాస్ట్ లేకుండా పని జరుగుతుంది, రకం మర్చిపోతే కంపైలర్ పట్టుకుంటుంది. కానీ చదివేవాళ్లకి తలనొప్పి. ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో పట్టుకోవడానికి నాలుగు ఫైళ్లు తెరవాలి.

జావాలో ఇప్పుడు ఆ కష్టం చాలావరకు తీరింది. 2021 మార్చిలో వచ్చిన జావా 16లో ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌కి ప్యాటర్న్ చేరింది: చెక్ చేస్తూనే చైల్డ్ రకం వేరియబుల్‌ని అక్కడే డిక్లేర్ చేసుకోవచ్చు, వేరే లైన్లో కాస్ట్ అక్కర్లేదు. ఒక రకాన్ని చెక్ చేసి ఇంకో రకానికి కాస్ట్ చేసే కాపీపేస్ట్ తప్పు దీంతో పోతుంది. అదే ఏడాది సెప్టెంబరులో జావా 17తో సీల్డ్ క్లాసులు వచ్చాయి: పేమెంట్‌కి ఫలానా చైల్డ్ క్లాసులే ఉంటాయని డిక్లరేషన్‌లోనే చెప్పేయొచ్చు. 2023 సెప్టెంబరులో జావా 21 స్విచ్‌లో కూడా రకాన్ని బట్టి విడగొట్టే వీలిచ్చింది. ఈ మూడూ కలిస్తే, సీల్డ్ పేమెంట్ మీద స్విచ్ రాసి యూపీఐ కేసు మర్చిపోతే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. ఇందాకటి వరస తప్పు కూడా పట్టుబడుతుంది: కార్డ్‌పేమెంట్ కేసు ముందు రాసి, ఈఎంఐ కేసు తర్వాత రాస్తే కంపైల్ కాదు.

ఒక్క జాగ్రత్త. ఆ స్విచ్‌లో డిఫాల్ట్ రాయకండి. అలవాటుకొద్దీ డిఫాల్ట్ పెట్టారంటే కొత్త రకాలన్నీ నోరెత్తకుండా అందులోకి వెళ్లిపోతాయి, పాత ఎల్స్ కథ మళ్లీ మొదలవుతుంది. కొన్ని టీమ్‌లలో కోడ్ క్వాలిటీ టూల్ "డిఫాల్ట్ లేదు" అని గోల చేస్తుంది. రూల్‌ని ఆపండి, టూల్ చెప్పిందని డిఫాల్ట్ చేర్చొద్దు.

జావా 8 లోనో 11 లోనో ఇరుక్కుపోయిన ప్రాజెక్టుల్లో ఇవేవీ లేవు. అక్కడ ఓవర్‌రైడింగ్ కుదరకపోతే ఇఫ్ గొలుసే రాయండి, సిగ్గుపడక్కర్లేదు. చివరి ఎల్స్‌లో మాత్రం ఏదో ఒక రకం అని ఊహించకుండా, తెలియని క్లాసు పేరుతో సహా ఇల్లీగల్‌స్టేట్‌ఎక్సెప్షన్ విసరండి. ఆ గొలుసు ఒకేచోట ఉండాలి. రెండో ఫైల్లో అదే గొలుసు కనబడితే అప్పుడు విజిటర్ గురించి ఆలోచించవచ్చు.

కాస్టే సరైన చోట్లు

కొన్నిచోట్ల డౌన్‌కాస్ట్ తప్పు కాదు, తప్పదు కూడా. ఈక్వల్స్ మెథడ్ పారామీటర్ ఆబ్జెక్ట్ రకమే కాబట్టి లోపల కాస్ట్ ఉండి తీరుతుంది. సర్వ్‌లెట్ ఫిల్టర్ (వెబ్ రిక్వెస్టుల్ని దారిలో ఆపి చూసే కోడ్) రాసేటప్పుడు చేతికొచ్చేది సర్వ్‌లెట్‌రిక్వెస్ట్. హెడర్లు చదవాలంటే దాన్ని హెచ్‌టీటీపీసర్వ్‌లెట్‌రిక్వెస్ట్‌కి దించుకోవాలి. యూఆర్‌ఎల్ క్లాసులోని ఓపెన్‌కనెక్షన్ ఇచ్చేది యూఆర్‌ఎల్‌కనెక్షన్ రకం. స్టేటస్ కోడ్ కావాలంటే కాస్టే దారి. ఆండ్రాయిడ్‌లో ఫైండ్‌వ్యూబైఐడీ చాలా ఏళ్లు వ్యూ రకాన్నే తిరిగిచ్చేది, ప్రతి బటన్‌కీ ప్రతి టెక్స్ట్‌వ్యూకీ ఒక కాస్ట్ రాయడం అందరికీ అలవాటు. ఏపీఐ 26 నుంచి దాన్ని జెనరిక్ (రకాన్నే పారామీటర్‌గా తీసుకునే) మెథడ్‌గా మార్చారు, కాస్ట్ రాయడం తప్పింది. రాయడం మాత్రమే తప్పింది సుమా. బటన్ ఐడీ ఇచ్చి ఇమేజ్‌వ్యూ వేరియబుల్‌లో వేసుకుంటే ఎక్సెప్షన్ మామూలుగానే వస్తుంది.

ఇలాంటిచోట్ల ఎంచుకోవాల్సింది ఒక్కటే: చెక్ చేసి కాస్ట్ చేయాలా, నేరుగా చేయాలా? ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం ప్రకారం అది వేరే రకం అయ్యే అవకాశమే లేకపోతే నేరుగా కాస్ట్ చేయండి. తప్పైతే అక్కడికక్కడే ఎక్సెప్షన్ వచ్చి పేరుతో సహా చెప్తుంది. చెక్ పెట్టి ఎల్స్‌లో ఏమీ చేయకుండా వదిలేయడం అంతకంటే చెడ్డది. వేరే రకం రావడం మామూలే అయితే ప్యాటర్న్ చెక్ వాడండి. నల్ (ఏ ఆబ్జెక్టూ లేని ఖాళీ విలువ) విషయంలో ఈ రెండూ ఒకేలా నడవవు: నల్‌ని ఏ రకానికి కాస్ట్ చేసినా ఎక్సెప్షన్ రాదు, ఇన్‌స్టాన్స్‌ఆఫ్ మాత్రం నల్‌కి ఎప్పుడూ ఫాల్స్ ఇస్తుంది.

కలెక్షన్లలోంచి తీసేటప్పుడు కాస్ట్ రాస్తున్నారంటే మాత్రం జెనరిక్స్ వాడలేదని అర్థం. 2004లో జావా 5 వచ్చేదాకా అందరికీ అదే గతి. ఇప్పుడూ సెషన్ అట్రిబ్యూట్లు, మ్యాప్‌లో ఆబ్జెక్ట్ రకం విలువలు అంటూ ఆ అలవాటు అక్కడక్కడా మిగిలింది. రన్‌టైమ్‌లో జెనరిక్ రకం చెరిగిపోతుంది కాబట్టి, లోపల ఇంటిజర్లున్న లిస్టుని స్ట్రింగ్ లిస్టుగా కాస్ట్ చేసినా ఆ లైన్లో ఏమీ కాదు. కంపైలర్ అన్‌చెక్డ్ వార్నింగ్ ఇస్తుంది, అంతే. ఎక్సెప్షన్ ఎక్కడో దూరంగా, కాస్టే కనబడని లైన్లో పేలుతుంది. ఆ వార్నింగ్‌ని సప్రెస్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగండి.

సీ ప్లస్ ప్లస్‌లో లెక్క వేరు

జావాలో తప్పు కాస్ట్ అంటే ఎక్సెప్షన్. సీ ప్లస్ ప్లస్‌లో తప్పు స్టాటిక్ కాస్ట్ అంటే అన్‌డిఫైన్డ్ బిహేవియర్: ఈరోజు నడుస్తుంది, రేపు రిలీజ్ బిల్డ్‌లో వేరే ఫీల్డు మెమరీ మీద రాసేస్తుంది. అందుకే అక్కడ ఏ కాస్ట్ అన్నది చిన్న విషయం కాదు.

డైనమిక్ కాస్ట్ రన్‌టైమ్‌లో చూసి చెప్తుంది. పాయింటర్ అయితే తప్పినప్పుడు నల్‌పాయింటర్, రిఫరెన్స్ అయితే బ్యాడ్ కాస్ట్ ఎక్సెప్షన్. కిందికి దిగడానికి అది పనిచేయాలంటే పేరెంట్‌లో కనీసం ఒక వర్చువల్ ఫంక్షన్ ఉండాలి. రకం మీద ఏమాత్రం అనుమానమున్నా ఇదే వాడండి. స్టాటిక్ కాస్ట్‌తో కిందికి దిగడం, రకం ఫలానాదేనని కోడ్ నిర్మాణమే హామీ ఇచ్చేచోట సరి. డైనమిక్ కాస్ట్ నెమ్మది అన్న మాట నిజమే గానీ, కొలవకుండా ఆ కారణంతో స్టాటిక్ కాస్ట్‌కి మారడం తొందరపాటు. కంపైలర్ల లాంటి పెద్ద ప్రాజెక్టుల్లో లెక్క వేరు. ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ ప్రాజెక్టు మామూలుగా ఆర్‌టీటీఐ (రన్‌టైమ్‌లో ఉండే రకం సమాచారం) లేకుండానే బిల్డ్ అవుతుంది, డైనమిక్ కాస్ట్ బదులు సొంత కాస్ట్ ఫంక్షన్లు రాసుకుంది.

బ్రాకెట్లలో రకం పెట్టి రాసే పాత సీ పద్ధతి కాస్ట్‌ని క్లాసుల మధ్య అసలు వాడొద్దు. క్లాసుని ముందుగా పేరు మాత్రం డిక్లేర్ చేసి, పూర్తి నిర్వచనం ఇంక్లూడ్ చేయకపోతే, రెండింటికీ సంబంధముందో లేదో కంపైలర్‌కి తెలియదు. అప్పుడా కాస్ట్ చడీచప్పుడు లేకుండా రీఇంటర్‌ప్రెట్ కాస్ట్ అయిపోతుంది. మల్టిపుల్ ఇన్‌హెరిటెన్స్‌లో రెండో పేరెంట్ భాగం వేరే అడ్రసులో ఉంటుంది కాబట్టి పాయింటర్‌ని జరపాలి. రీఇంటర్‌ప్రెట్ కాస్ట్ జరపదు. హెడర్ ఇంక్లూడ్ చేస్తే బాగుపడి, తీసేస్తే చెడిపోయే బగ్ ఇది. పట్టుకోవాలంటే చుక్కలు కనబడతాయి. అదే చోట స్టాటిక్ కాస్ట్ రాసి ఉంటే కంపైలర్ ఎర్రర్ ఇచ్చి ఆపేది.

పైకి వెళ్లడం కూడా ఇక్కడ పూర్తిగా నిశ్చింత కాదు. చైల్డ్ ఆబ్జెక్ట్‌ని పేరెంట్ రకం పారామీటర్‌కి విలువగా పంపితే చైల్డ్ భాగం కోసుకుపోయి పేరెంట్ భాగం మాత్రమే కాపీ అవుతుంది. దీన్నే స్లైసింగ్ అంటారు. రిఫరెన్స్ గానో పాయింటర్ గానో పంపడమే పరిష్కారం. పేరెంట్‌లో వర్చువల్ డిస్ట్రక్టర్ కూడా మర్చిపోవద్దు.

సీ షార్ప్, కాట్లిన్, పైథాన్

సీ షార్ప్‌లో మామూలు కాస్ట్ తప్పితే ఇన్‌వాలిడ్‌కాస్ట్‌ఎక్సెప్షన్ ఇస్తుంది, యాజ్ అనే ఆపరేటర్ అయితే నల్ ఇస్తుంది. యాజ్‌ని సేఫ్ అనుకుని అన్నిచోట్లా వాడి నల్ చెక్ మర్చిపోవడం అక్కడ బాగా కనబడే జబ్బు. అసలు తప్పు ఒకచోట, నల్‌రిఫరెన్స్‌ఎక్సెప్షన్ ఇంకోచోట. రకం ఖాయమైతే కాస్ట్, అనుమానమైతే 2017లో సీ షార్ప్ 7తో వచ్చిన ఈజ్ ప్యాటర్న్. యాజ్‌తో ఇప్పుడు పెద్ద అవసరం లేదు.

కాట్లిన్‌లో చెక్ చేసిన తర్వాత వేరియబుల్ దానంతటదే చైల్డ్ రకం అయిపోతుంది, దాన్ని స్మార్ట్ కాస్ట్ అంటారు. క్లాసులోని వార్ (మార్చగలిగే) ప్రాపర్టీ మీద అది పనిచేయక చాలామంది విసుక్కుంటారు. చెక్‌కీ వాడకానికీ మధ్య ఇంకో థ్రెడ్ దాన్ని మార్చేయొచ్చు కాబట్టి కంపైలర్ ఒప్పుకోదు. లోకల్ వాల్‌లోకి (మారని వేరియబుల్‌లోకి) తీసుకుని చెక్ చేయండి. విసుగొచ్చి యాజ్‌తో బలవంతంగా దించేస్తే కంపైలర్ హెచ్చరించిన ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకున్నట్టే.

పైథాన్‌లో ఈ అర్థంలో కాస్టింగే లేదు. టైపింగ్ మాడ్యూల్‌లోని కాస్ట్ టైప్ చెకర్‌కి చెప్పే మాట మాత్రమే, రన్‌టైమ్‌లో ఏమీ చూడదు. టైప్‌స్క్రిప్ట్‌లోని యాజ్ కూడా అంతే. జావా నుంచి వెళ్లినవాళ్లు సర్వర్ నుంచి వచ్చిన జేసన్ మీద యాజ్ వేసి చెక్ అయిపోయిందనుకుంటారు. అక్కడ ఏ చెక్కూ జరగలేదు.

ప్రాక్సీలు వచ్చి చెడగొట్టే లెక్క

ఇన్‌స్టాన్స్‌ఆఫ్ చెక్ నిజం చెప్పని చోటు ఒకటుంది, జావా ప్రాజెక్టుల్లో అది మామూలే. ఆర్డర్ ఎంటిటీలో (డేటాబేసు రోకి జతపడే క్లాసులో) పేమెంట్‌ని లేజీగా, అంటే అవసరమైనప్పుడే, లోడ్ చేయమని డేటాబేసు లైబ్రరీ హైబర్నేట్‌కి చెప్పారు. ఆర్డర్ తెచ్చినప్పుడు పేమెంట్ ఏ రకమో హైబర్నేట్‌కి ఇంకా తెలియదు కాబట్టి పేమెంట్ నుంచి పుట్టిన ఒక ప్రాక్సీ (అసలుదాని బదులు నిలబడే) ఆబ్జెక్ట్ పెడుతుంది. డేటాబేసులో ఆ రో యూపీఐదే. కానీ మీ కోడ్ "యూపీఐపేమెంటా" అని అడిగితే జవాబు ఫాల్స్. నేరుగా కాస్ట్ చేస్తే ఎక్సెప్షన్. డీబగ్గర్‌లో చూస్తే లోపల యూపీఐ వివరాలన్నీ నిక్షేపంగా కనబడతాయి, బుర్ర తిరుగుతుంది. ఈ తేడా అంతా లోడింగ్ పద్ధతిని బట్టి వచ్చేది. యూనిట్ టెస్టులో మీరే చేసిన ఆబ్జెక్ట్ ఉంటుంది కాబట్టి టెస్టు పాసవుతుంది.

హైబర్నేట్ క్లాసులోని అన్‌ప్రాక్సీ మెథడ్‌తో అసలు ఆబ్జెక్ట్ బయటికి తీసి అప్పుడు చెక్ చేయొచ్చు. ఎంటిటీల విషయంలో నేను ఓవర్‌రైడింగ్ వైపే మొగ్గుతాను. ప్రాక్సీ మీద మెథడ్ పిలిస్తే అది అసలు ఆబ్జెక్టుకే చేరుతుంది, రకం ఎవరూ అడగరు. ఈక్వల్స్‌లో గెట్‌క్లాస్ పోల్చడం కూడా ఈ ప్రాక్సీల ముందు నిలవదు.

స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌లోనూ ఇలాంటిదే. ఇంటర్‌ఫేస్ ఆధారంగా జేడీకే డైనమిక్ ప్రాక్సీ తయారైతే, అది ఇంటర్‌ఫేస్‌ని మాత్రమే అమలు చేస్తుంది. దాన్ని ఇంప్లిమెంటేషన్ క్లాసుకి కాస్ట్ చేస్తే ఎక్సెప్షన్ తప్పదు. స్ప్రింగ్ బూట్ 2 నుంచి డిఫాల్ట్‌గా క్లాసు నుంచి పుట్టే ప్రాక్సీలు వాడుతోంది కాబట్టి ఇది తగ్గింది. అయినా సర్వీస్ బీన్‌ని ఇంప్లిమెంటేషన్‌కి దించుకోవాల్సి వచ్చిందంటే, మీకు కావాల్సిన మెథడ్ ఇంటర్‌ఫేస్‌లో లేదన్నమాట, అక్కడ చేర్చండి.

లాగ్‌లో క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్ కనబడినప్పుడు

ముందు మెసేజ్ మొత్తం చదవండి, మొదటి లైన్ చూసి కాస్ట్ దగ్గరికి పరిగెత్తకండి. జావా 11 నుంచి అందులో రెండు క్లాసుల పేర్లతో పాటు వాటిని ఏ క్లాస్‌లోడర్ (క్లాసుల్ని మెమరీలోకి తెచ్చే భాగం) తెచ్చిందో కూడా ఉంటుంది. పేరులో ప్రాక్సీ అని కనబడితే పైన చెప్పిన సంగతే. కాస్టే లేని లైన్లో వచ్చిందంటే అన్‌చెక్డ్ వార్నింగ్ ఎక్కడ నొక్కేశారో వెతకాలి. రెండువైపులా అచ్చంగా ఒకే క్లాసు పేరు ఉండి, "ఆర్డర్‌ని ఆర్డర్‌కి కాస్ట్ చేయలేం" అంటోందా? ఒకే క్లాసుని రెండు లోడర్లు విడివిడిగా తెచ్చాయి. జేవీఎం దృష్టిలో అవి రెండు వేర్వేరు క్లాసులు. కోడ్ మారగానే యాప్‌ని తిరిగి మొదలుపెట్టే స్ప్రింగ్ బూట్ డెవ్‌టూల్స్ ఆన్‌లో ఉండి, క్యాష్ నుంచి ఆబ్జెక్టులు డీసీరియలైజ్ అవుతున్నప్పుడు ఇది తరచుగా వస్తుంది: మీ క్లాసులని రీస్టార్ట్ క్లాస్‌లోడర్ తెస్తుంది, క్యాష్ లైబ్రరీ మాత్రం యాప్ లోడర్ నుంచి అదే క్లాసుని తెచ్చుకుంటుంది. అక్కడ ఇన్‌స్టాన్స్‌ఆఫ్ చెక్ పెడితే ఫాల్స్ వచ్చి క్యాష్ ఎప్పుడూ మిస్ అవుతున్నట్టు కనబడుతుంది. కాస్ట్ లైన్‌ని అలాగే వదిలేసి, డెవ్‌టూల్స్ ఆపి ఒకసారి నడపండి. ఎక్సెప్షన్ పోతే, ఆ క్యాష్ లైబ్రరీ జార్‌ని కూడా రీస్టార్ట్ లోడర్ కిందికి వచ్చేలా డెవ్‌టూల్స్ ప్రాపర్టీల ఫైల్లో చేర్చుకుంటే సరిపోతుంది.